రెండు మూతల నిద్ర

"ఆడదాన్నన్నావుగా, అయితే లేచి అంట్లు తోము," అంది రాజమ్మ.

ప్రీతి ఆ ఇంటికి తిరిగొచ్చి అప్పటికి గంటన్నర అయింది. ముప్పై ఆరేళ్ళ వయసులో, మూడేళ్ళ తర్వాత, తండ్రి మంచాన పడ్డాడని తెలిసి, లేత నీలం చుడీదార్ వేసుకుని, బ్యాగు భుజాన తగిలించుకుని గూడూరు సెంటర్లో బస్సు దిగింది. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు మాటలాపి చూశారు. పక్షవాతం వచ్చి కుడిపక్క చచ్చుబడిపోయిన తండ్రి దేవసహాయం, ఒకప్పుడు ఊరంతా భయపడిన హెడ్మాస్టరు, ఆమెను ఒక్కసారి చూసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. తమ్ముడు బెంజమిన్ "వచ్చావా" అన్నాడు. ఏమని పిలవాలో తోచక, ఫోను మోగినట్టు జేబు తడుముకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. తల్లి మాత్రం ఏమీ అడగలేదు. అన్నం పెట్టింది. తినడం అయ్యాక పెరట్లో కుళాయి దగ్గర గుట్టగా పడున్న గిన్నెలు చూపించి ఆ మాట అంది.

వెక్కిరింతే అది. ప్రీతికి తెలుసు. ఆ ఇంట్లో పెద్దకొడుకుగా పెరిగినన్నాళ్ళూ తిన్న కంచం తీసి ఎరగదు. కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచేది. ఆ ఎంగిలి కంచం తర్వాత ఎక్కడికి వెళ్తుందో, ఎవరు తోముతారో ఆలోచించాల్సిన అవసరం రాకపోవడాన్నే మగపుట్టుక అంటారని ఇప్పుడనిపిస్తుంది. కానీ ఆ మధ్యాహ్నం కుళాయి ముందు గొంతుక్కూర్చుని పీచు చేతిలోకి తీసుకోగానే ఆమెకు ఏడుపొచ్చింది. బాధతో కాదు. తల్లి నోట, ఎకసెక్కానికైనా సరే, మొదటిసారి 'ఆడది' అన్న మాట వినబడినందుకు.

బెంజమిన్ భార్య కృపాకుమారి వచ్చి పక్కన పీట వేసుకుని కూర్చుంది. అప్పుడే స్కూలు నుంచి వచ్చినట్టుంది, చీర మీద సుద్దపొడి అలాగే ఉంది.

"మీరు తోమి ఇవ్వండి వదినా, నేను కడుగుతాను," అంది.

మూడేళ్ళ క్రితం వరకూ ఆమెకు ప్రీతి 'బావగారు'. ఆ పిలుపు మార్చుకోవడానికి కృప తడుముకోలేదు, సాధన చేసినట్టూ లేదు. కుళాయిలోంచి నీళ్ళు వచ్చినట్టు వచ్చింది. ప్రీతి తలెత్తలేకపోయింది. తోమిన గిన్నెనే మళ్ళీ మళ్ళీ తోమింది.

ఆ నెలంతా ఇంట్లో మాటల్ని చెవులు రిక్కించుకుని విన్నది. "వాడొచ్చాడా" అనే తల్లి "అదొచ్చిందా" అనడానికి ఇరవై రోజులు పట్టింది. వచ్చింది, తిన్నది, వెళ్ళింది. ఆ చిన్న మార్పు కోసం ఆమె ఎంత నరకం ఈదిందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. చాలా రోజుల తర్వాత, ఒకనాడు బట్టలారేస్తుంటే తట్టింది. వానా వచ్చింది అంటాం, కుక్కా వచ్చింది అంటాం, గ్యాసు బండా వచ్చింది అంటాం. మగాడికొక్కడికే విడిగా ఒక మాట ఉంది. మిగిలిన లోకమంతా ఒకే గంపలో ఉంది. ఆ గంపలో చోటు కోసమే తను ఇన్నేళ్ళు ఏడ్చింది. నవ్వొచ్చింది ఆమెకు. అయినా ఆ చోటు వదులుకోవాలనిపించలేదు.

ఆమె తాగుడు సంగతి చెప్పాలి. గుడివాడలో ఒక లాబ్‌లో టెక్నీషియన్‌గా చేరినప్పుడు ఇరవై మూడేళ్ళు. రక్తం తీయడంలో ఆమె చెయ్యి పేరుమోసింది. పసిపిల్లలకైనా, నరాలు లోపలికి దిగిపోయిన ముసలివాళ్ళకైనా ఒక్క పోటుకే దొరకబుచ్చుకునేది. డ్యూటీ అయ్యాక లాబ్‌లోని మగవాళ్ళంతా కలిసి సిట్టింగ్ వేసేవాళ్ళు. మొదటిరోజు గ్లాసు వద్దంటే "మగాడివేనా నువ్వు?" అన్నారు. అందరూ నవ్వారు. వాళ్ళు తమాషాకి అడిగిన ఆ ప్రశ్న తనకి పదమూడో ఏటి నుంచీ గొంతులో ముల్లు. ఎవరైనా నిజంగా పసిగట్టారేమోనన్న భయంతో గ్లాసు ఎత్తింది. తాగితే మగాడు. తాగి పెద్ద గొంతుతో వాగితే ఇంకా మగాడు. పైగా అందులో ఇంకో సుఖం ఉంది. మూడో గ్లాసు తర్వాత లోపలున్న అమ్మాయి నిద్రపోయేది. ఆ అమ్మాయి నిద్రపోతే తప్ప పైకి కనబడే మగవాడు నవ్వలేకపోయేవాడు. అలా పదేళ్ళు ఆ అమ్మాయిని నిద్రపుచ్చుతూనే ఉంది.

శనివారాలు గూడూరు వచ్చినప్పుడు తమ్ముడితో కూర్చునేది. రొయ్యల చెరువుల దగ్గర సూపర్‌వైజర్ బెంజమిన్. అన్నదమ్ములిద్దరూ డాబా మీద కూర్చుంటే రాజమ్మ "చల్లగాలికి కూర్చున్నార్లే" అని చుట్టాలతో అనేది. పైనుంచి కేకేస్తే కింద నుంచి పకోడీలు వచ్చేవి. ఇంకోసారి కేకేస్తే ఉల్లిపాయలు తరిగి వచ్చేవి. మెట్లెక్కి అవి తెచ్చేది కృప. ఒక ఏడాది ఏడో నెల కడుపుతో తెచ్చింది.

గుడివాడలో ఒకరోజు పొద్దున్నే గర్భిణీ స్త్రీకి రక్తం తీయాల్సి వచ్చింది. ప్రీతి చెయ్యి వణికింది. మూడుసార్లు పొడిచింది, నరం దొరకలేదు. ఆ పిల్ల మోచెయ్యి నల్లగా కమిలిపోయింది. ఏడవలేదా పిల్ల, "ఫరవాలేదండీ, ఇంకోసారి చూడండి" అంది. ఆ మాటే తట్టుకోలేకపోయింది. ఆ పూటే ఉద్యోగం పోయింది. వారం తర్వాత ఎవరో తీసుకొచ్చి బందరులో మందు మాన్పించే సెంటర్లో పడేశారు. ఎందుకు తాగుతున్నావని ప్రపంచమంతా అడిగింది. అక్కడ కౌన్సెలర్ ప్రేమమ్మగారు మాత్రం ఇంకోలా అడిగారు.

"తాగకపోతే ఏమవుతుంది నాయనా?"

"తాగకపోతే నేను ఆడదాన్నని గుర్తొస్తుందండీ."

ముప్పై మూడేళ్ళకి మొదటిసారి పైకి వచ్చిన మాట అది. ప్రేమమ్మగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అయితే గుర్తుపెట్టుకునే దారే చూద్దాం తల్లీ" అన్నారు. నాయనా అన్న నోటితోనే తల్లీ అన్నారు.

అప్పటినుంచి ఇప్పటికి మూడేళ్ళ నాలుగు నెలలు. చుక్క ముట్టలేదు. కానీ రాజమ్మ దృష్టిలో కథ తలకిందులుగా ఉంది. "తాగీ తాగీ మతి పోయి ఇలా అయిపోయాడు" అని ఆవిడ సంఘంలో ఆడవాళ్ళకి చెప్పుకుంది. ప్రార్థన కూడికలో "ప్రభువా, ఒక దయ్యాన్ని వదిలించావు, రెండోది కూడా వదిలించు" అని మోకరించి ఏడ్చిందట. అదే నోటితో, వారానికి ఆరు రోజులు తూలుతూ వచ్చే చిన్నకొడుకుని చూసి, "చెరువు గట్టు మీద ఎండలో నిలబడే పని, ఒళ్ళు నొప్పులుండవా మరి" అనేది.

బందరులో రామబ్రహ్మంగారి లాబ్‌లో ఉద్యోగం దొరికింది ప్రీతికి. ఆయన చెడ్డవాడు కాదు. రెండు షరతులు పెట్టాడంతే. ఒకటి, ఏనాడైనా మందు వాసన వచ్చిందంటే ఆ క్షణమే బయటికి. రెండు, ముందు కౌంటర్లో కూర్చోకూడదు. "పేషెంట్లు ఇబ్బంది పడతారమ్మా, అర్థం చేసుకోండి. మీరు లోపల మిషన్ల దగ్గరుండండి." మూడు రాష్ట్రాల్లో దొరకని చెయ్యి అని ఒకప్పుడు అనిపించుకున్న మనిషి, తలుపు వెనకాల ట్యూబులకి పేర్లంటించుకుంటూ కూర్చుంది.

ఒకరోజు హంసలదీవి నుంచి అంకమ్మ అనే ముసలావిడ వచ్చింది. చేపలమ్ముకునే మనిషి. ముందు గదిలో కుర్రటెక్నీషియన్లు ఇద్దరూ చెరోచెయ్యీ పొడిచి విసిగిపోయారు. ఆవిడ బూతులు లోపలికి వినబడుతున్నాయి. ప్రీతి ఒక్క నిమిషం ఆలోచించి బయటికి వచ్చింది. ఆవిడ ముంజేతిని అరచేతిలో పెట్టుకుని, వేడినీళ్ళ గుడ్డ కాపడం పెట్టి, బొటనవేలితో మెల్లగా తడిమి సూది దించింది. ట్యూబు నిండింది.

అంకమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "అమ్మాయ్, నువ్వు ఆడా మగా?"

కౌంటర్ దగ్గర అందరి చెవులూ ఇటే ఉన్నాయి.

"ఆడేనమ్మా."

"గొంతు చూస్తే మగ. చెయ్యి చూస్తే ఆడే. ఇందాక వీళ్ళిద్దరూ నన్ను చేపను కోసినట్టు కోశారు. ఈసారొస్తే నిన్నే పిలుస్తా, రావాలి మరి."

రామబ్రహ్మంగారు విన్నాడు. ఆ తర్వాత నరం దొరకనివాళ్ళు వస్తే లోపలికి కబురొచ్చేది. పని అవగానే మళ్ళీ తలుపు వెనక్కి. మగవాడిగా ఉన్నప్పుడు వణికే చేతితో కూడా ముందు కుర్చీలో కూర్చోగలిగింది. ఇప్పుడు స్థిరమైన చేతికి గుమ్మం వరకే అనుమతి.

ఇంట్లో మాత్రం ఏ తలుపూ అడ్డం లేదు. అన్ని గదుల్లోనూ పనే. పొద్దున్నే తండ్రికి పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం, డైపర్ మార్చడం, గంజి తాగించడం. తర్వాత బస్సు. సాయంత్రం వచ్చి మళ్ళీ అదే. తుడుస్తున్నంతసేపూ దేవసహాయం కళ్ళు మూసుకునేవాడు. తనంటే అసహ్యమనుకుంది మొదట్లో. కృప తుడిచినా కళ్ళు అలాగే మూసుకుంటాడని తర్వాత చూసింది. ఆయన సిగ్గుపడుతున్నాడు. కొడుకు చెయ్యాల్సింది ఇంటికొచ్చిన కోడలితో చేయించుకోవాల్సి వచ్చినందుకో, ఎవరితోనైనా చేయించుకోవాల్సి వచ్చినందుకో. మాట పడిపోయిన మనిషి, చెప్పలేడు. బెంజమిన్ మాత్రం ఆ గది గుమ్మం దగ్గర నిలబడి "ఎలా ఉంది నాన్నా?" అని అడిగి, జవాబు రాదని తెలిసినవాడిలా వెళ్ళిపోయేవాడు.

మూడు నెలలకి ప్రీతి నడుం పట్టేసింది. గుమ్మంలో కూలబడి, "ఇంత పని ఉంటుందని తెలియదు కృపా" అంది.

కృప చిక్కుళ్ళు గిల్లుతోంది. ఆపలేదు. "మీకు కొత్త వదినా. నాకు పన్నెండేళ్ళు. మీరైతే కావాలని వచ్చారు. నన్నెవరూ అడగలేదు."

కోపంగా అనలేదు. కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు అంది.

కృపది అవనిగడ్డ. ఎమ్మెస్సీ చదివింది. గూడూరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఒక్కగానొక్క కూతురు గుడివాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. పొద్దున్న వంట, స్కూలు, సాయంత్రం ట్యూషను, మళ్ళీ వంట, మొగుడు వచ్చేదాకా మెలకువ. తలెత్తి గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. "మా కోడలు బంగారం, నోరే లేదు" అని రాజమ్మ అందరికీ చెప్పేది. నోరు లేకపోవడం బంగారానికి ఉండాల్సిన గుణం అన్నట్టు.

ఒక శనివారం లాబ్ ఒంటిపూటే. ప్రీతి మధ్యాహ్నం మూడింటికే ఇంటికి వచ్చింది. రాజమ్మ నిద్రపోతోంది. బట్టలు మార్చుకుందామని తను పడుకునే స్టోరు గది తలుపు తోసింది. బియ్యం బస్తా మీద కృప కూర్చుని ఉంది. చేతిలో చిన్న స్టీలు గ్లాసు. కిటికీ మూసి ఉంది.

ఆ వాసన ప్రీతి మొహానికి కొట్టింది. మొదట కలిగింది ఆశ్చర్యం కాదు, జాలీ కాదు. నోట్లో నీళ్ళూరాయి. మూడేళ్ళ పైగా అణిచిపెట్టిన ఒళ్ళు ఒక్క క్షణంలో ఆ గ్లాసు వైపు వంగింది. ద్వారబంధాన్ని గట్టిగా పట్టుకుని నిలబడింది. గోళ్ళు చెక్కలో దిగాయి.

"వాసన వస్తోందా వదినా?" అంది కృప. "లవంగం వేసుకున్నాను."

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏడాదిన్నర. రెండు మూతలు అంతే. సెలవైతే మధ్యాహ్నం, స్కూలుంటే సాయంత్రం ట్యూషను ముందు. రెండు మూతలు వేసుకుంటే ఒక గంట ఏమీ వినబడదు. నిద్రపడుతుంది. ఆ గంట నన్నెవరూ పిలవరు. పిలిచినా నాకు తెలియదు."

మొదట్లో బెంజమిన్ సీసాలోంచి తీసుకునేదట. తీసినంత నీళ్ళు పోసేది. "ఈ మధ్య సరుకు పలచబడింది" అని ఆయన షాపువాణ్ణి తిట్టుకుంటూ రెండు షాపులు మార్చాడు. తర్వాత తనే కొనుక్కోవడం మొదలుపెట్టింది.

"నువ్వెళ్ళి కొన్నావా? షాపులో ఏమీ అనలేదా?"

"మా ఆయన తెమ్మన్నారండీ అంటాను. మొగుడి కోసం ఆడది ఎక్కడికెళ్ళినా ఎవరూ ఏమీ అనరు వదినా. క్యూలో ముందుకి పంపిస్తారు కూడా."

ప్రీతి ఆమె పక్కన కూర్చుంది. గ్లాసుకి దూరంగా, తలుపుకి దగ్గరగా. "సోమవారం నాతో రా. ప్రేమమ్మగారని ఉన్నారు. నన్ను బతికించినావిడ. చాలా మంచి..."

"నేను తాగుబోతుని కాను," అంది కృప. మొదటిసారి గొంతు పెరిగింది. "మీలాగా పడి దొర్లలేదు. ఉద్యోగం పోగొట్టుకోలేదు. ఒక్కరోజు వంట మానలేదు. మీరూ మీ తమ్ముడూ పైన కూర్చుని తాగుతుంటే కింద పొయ్యి దగ్గర నిలబడి వేయించిన పకోడీలు అన్నీ నాకు గుర్తున్నాయి వదినా. ఏడో నెలలో కాళ్ళు వాచిపోయి ఉంటే 'కృపా, ఇంకో ప్లేటు' అని అరిచింది మీరే. ఇవాళ మీరు నాకు చెప్పొద్దు."

అప్పుడు తను మగవాణ్ణి కాదని, లోపల ఒక అమ్మాయి ఏడుస్తుండేదని ప్రీతి చెప్పొచ్చు. నిజమే కూడా. కానీ లోపల ఎవరున్నా, పైకి అరిచింది తనే. ఆ ప్లేటు తిన్నది తనే.

"అవును," అంది. "నేనే."

కృప గ్లాసు కొంగుకింద పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ మాట మళ్ళీ ఇద్దరి మధ్యా రాలేదు. రెండు వారాలు పక్కపక్కనే గిన్నెలు తోముకున్నారు.

మూడో ఆదివారం గుడినుంచి వచ్చాక రాజమ్మ బియ్యం చెరుగుదామని స్టోరు గదిలో బస్తా జరిపింది. వెనకాల పాత తువ్వాల్లో చుట్టిన సీసా బయటపడింది. సగం ఖాళీ. ఆవిడ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, చచ్చిన ఎలుకను తెచ్చినట్టు తెచ్చి హాల్లో బల్లమీద పెట్టింది. బల్ల దగ్గర బెంజమిన్ ఆదివారం గ్లాసుతో కూర్చుని ఉన్నాడు. ప్రీతి తండ్రి గోళ్ళు తీస్తోంది. కృప వంటగదిలో చారు పోపు పెడుతోంది.

"నీ గదిలో దొరికింది," అంది రాజమ్మ, ప్రీతిని చూస్తూ.

బెంజమిన్ తన గ్లాసు కింద పెట్టి లేచాడు. "చెప్పానా అమ్మా? తాగుబోతు బుద్ధి చీర కట్టినంత మాత్రాన పోతుందా? రామబ్రహ్మంగారికి ఇప్పుడే ఫోన్ చేస్తా. చెప్పాలి కదా ఆయనకి."

"మగాడివై తాగావు, భరించాం," అంది రాజమ్మ. "మగాళ్ళన్నాక తాగుతారు. ఆడదానివై తాగుతావంటే? నలుగురూ ఏమంటారే? తాగే ఆడది నా గడపలో ఉండటానికి వీల్లేదు. పో!"

విచిత్రం ఏమిటంటే, తల్లి తనని పూర్తిగా, ఏ వెక్కిరింతా లేకుండా ఆడదాన్ని చేసింది ఆ క్షణంలోనే. గెంటేస్తూ.

'నాది కాదు' అన్న మాట ప్రీతి నాలుక చివర ఉంది. మూడేళ్ళ నాలుగు నెలల్లో ఒక్కో రోజూ పళ్ళ బిగువున దాటింది. పండగలు దాటింది, గుడివాడ స్నేహితుల ఫోన్లు దాటింది, ఆ శనివారం గదిలో వాసన కూడా దాటింది. ఆ రోజులన్నీ ఈ పూట బురదలో కలిసిపోతున్నాయి. ఫోన్ వెళ్తే ఉద్యోగం ఉండదు. ఉద్యోగం లేకపోతే అద్దెకి గది ఇచ్చేవాడుండడు. వంటగదిలోకి చూసింది. కృప వీపు కనబడుతోంది. గరిటె ఆగిపోయింది. ఒక్క క్షణం ఆ వీపు మీద ప్రీతికి పట్టరాని కోపం వచ్చింది. తిరిగి మాట్లాడవేం అని. మరుక్షణం, ఆ పిల్ల తిరిగి మాట్లాడితే ఏమవుతుందో కూడా కళ్ళముందు కదిలింది. స్కూల్లో తెలుస్తుంది. అవనిగడ్డలో అన్నదమ్ములకి తెలుస్తుంది. హాస్టల్లో కూతురికి ఎవరో ఒకరు మోస్తారు.

నాది అని అబద్ధం చెప్పడానికి ప్రీతికి నోరు రాలేదు. నాది కాదని నిజం చెప్పడానికీ రాలేదు. తండ్రి చేతిని మెల్లగా పక్కమీద పెట్టి, స్టోరు గదిలోకి వెళ్ళి బ్యాగు కిందికి దించింది.

వంటగదిలో స్టవ్ కట్టేసిన చప్పుడు వినబడింది.

"అది నాది," అంది కృప.

హాలు గుమ్మంలో నిలబడి ఉంది. పోపు గరిటె చేతిలోనే ఉంది.

బెంజమిన్ నవ్వాడు. "నువ్వూరుకో. దాన్ని వెనకేసుకు రానక్కర్లేదు."

"నాదేనండీ. నేనే కొన్నాను. నేనే తాగుతున్నాను."

"ఏమ్మా, నీకేమైనా పిచ్చా?" అంది రాజమ్మ.

ఎవరూ నమ్మలేదు. ఆడవాళ్ళు చెప్పే అబద్ధాలు నమ్మినంత తేలిగ్గా నిజాలు నమ్మరు. కృప మొగుడి వైపు తిరిగింది.

"మీ సీసాలో నీళ్ళు కలిపింది నేనే. సరుకు పలచబడిందని మీరు రెండు షాపులు మార్చారు. మూడోచోట కూడా పలచగానే ఉందని మొన్న క్రిస్మస్‌కి ఆ షాపతని చొక్కా పట్టుకున్నారు. అతని తప్పేం లేదు."

బెంజమిన్ మొహంలో నవ్వు చచ్చిపోయింది. ఒక్క అంగలో ముందుకొచ్చి చెయ్యెత్తాడు. బ్యాగు వదిలేసి ప్రీతి మధ్యలోకి వచ్చి నిలబడింది. బెంజమిన్ చెయ్యి గాలిలో ఆగింది. అన్నను కొట్టడం తప్పు, అక్కను కొట్టడం తప్పు. ఎదురుగా ఉన్నది ఎవరో ఇన్ని నెలలుగా తేల్చుకోనివాడు, ఇప్పుడు ఏ తప్పు చెయ్యాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

"దించు," అంది ప్రీతి.

దించాడు. "పో. మీ అవనిగడ్డ పో," అన్నాడు ఆమె భుజం మీదుగా కృపతో.

"అవనిగడ్డ వెళ్ళను. రేపు స్కూలుకి సెలవు పెట్టి వదినతో బందరు వెళ్తాను. సాయంత్రానికి వస్తాను. ఈ ఇంట్లో పన్నెండేళ్ళు పనిచేశాను, పొమ్మనడానికి మీ ఒక్కరిదే కాదు ఇది." కృప చేతిలోని గరిటె దించింది. "నాకు తగ్గాలండీ. రెండు మూతలు నాలుగయ్యాయి. బోర్డు మీద లెక్క సగంలో మర్చిపోతున్నాను. నాకు భయమేస్తోంది."

రాజమ్మ కుర్చీలో కూలబడింది. ఆవిడ నోట వచ్చిన మొదటి మాట ఇది: "ఇద్దరూ వెళ్ళిపోతే మరి మంచంలో మనిషిని ఎవరు చూస్తారు?"

"కొడుకున్నాడుగా అమ్మా," అంది ప్రీతి.

"నేనా?" అన్నాడు బెంజమిన్.

మర్నాడు తెల్లవారేసరికి రాజమ్మ వంటగదిలో టీ కాస్తోంది. ప్రీతి స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడ వెనక్కి తిరగకుండానే, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"నిజంగానే నిద్రపడుతుందంటావా, అది తాగితే?"

ప్రీతి చేతిలో తువ్వాలు ఆగిపోయింది. "పడుతుందమ్మా. కొన్నాళ్ళు. తర్వాత ఉన్న నిద్ర కూడా పోతుంది."

రాజమ్మ తలాడించింది. "మీ నాన్న మంచాన పడ్డాక కంటిమీద కునుకు లేదు నాకు. అంతకుముందు మాత్రం ఉందా ఏం? మీరు పుట్టినప్పట్నుంచీ లేదు." గ్లాసు ముందుకు తోసింది. "చల్లారిపోతుంది, తాగు. మరదలికి కూడా పట్టుకెళ్ళు. దానికి పంచదార తక్కువేశా."

వాళ్ళు బయల్దేరుతుంటే బెంజమిన్ తండ్రి గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఈసారి లోపలికి వెళ్ళక తప్పదు. "డైపర్లు ఎక్కడుంటాయి?" అని అడిగాడు, ఎవరినీ చూడకుండా. కృప చెప్పింది. ఎడమపక్కకి తిప్పాలని, తిప్పేముందు నాన్నగారికి చెప్పి తిప్పాలని కూడా చెప్పింది.

బస్సులో కృప కిటికీ పక్కన కూర్చుంది. పొలాల్లో నాట్లు పడుతున్నాయి. ఆమె చేతులు సన్నగా వణుకుతున్నాయి. ప్రీతి ఆ వణుకుని ఎరుగును. పట్టుకుని ఆపాలని చూడలేదు. పక్కనే కూర్చుంది.

సెంటర్లో సోమవారం రద్దీగా ఉంది. బెంచీల మీద జంటలు జంటలుగా కూర్చుని ఉన్నారు. ప్రతి మగవాడి పక్కనా ఒక భార్యో, తల్లో, అక్కో. ఆడవాళ్ళ ఒళ్ళో ఫైళ్ళు, మంచినీళ్ళ సీసాలు, టిఫిను డబ్బాలు. ప్రీతి ఇక్కడ ఉన్న రోజుల్లో మగవాళ్ళ వార్డులోనే ఉంచారు. అప్పట్లో ఆడవాళ్ళ వార్డు లేదు, అవసరం ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

కౌంటర్లో శివరామయ్యగారు కొత్తగా వచ్చాడు. పెద్దాయన, మర్యాదస్తుడు. ఇద్దరినీ చూసి కొత్త ఫారం తీసి, కృపను అడిగి ఊరిపేరు రాసుకున్నాడు. తర్వాత కళ్ళజోడు పైనుంచి వాళ్ళ వెనకాలకి చూశాడు.

"పేషెంటు ఏడమ్మా? బయట ఉన్నాడా? రానంటున్నాడా? ఫరవాలేదు, మొదటిసారి ఎవరూ రారు. మీ ఆయన పేరు చెప్పండి, రాసుకుంటాను. ఎన్నాళ్ళనుంచి తాగుతున్నాడు?"

ప్రీతి నోరు తెరిచింది. ఇలాంటి చోట్ల ఎలా మాట్లాడాలో తనకి తెలుసు, ప్రేమమ్మగారిని లోపలినుంచి పిలిపించొచ్చు, ఈ ముక్క పదిమందిలో కాకుండా గదిలో చెప్పించొచ్చు. కృప ఆమె మణికట్టు పట్టుకుంది. ఆగమన్నట్టు. ఆ వేళ్ళు ఇంకా వణుకుతున్నాయి, కానీ పట్టు గట్టిగా ఉంది. ప్రీతి ఒక అడుగు వెనక్కి వేసింది.

కృపాకుమారి కౌంటర్ అంచు మీద రెండు చేతులూ ఆనించి, క్లాసులో వెనక బెంచీకి కూడా వినబడేలా, స్పష్టంగా చెప్పింది.

"మా ఆయన కూడా తాగుతాడండీ. ఆయన ఎప్పుడొస్తాడో ఆయన ఇష్టం. నేను నా కోసం వచ్చాను."